క్రాంకు ముక్కు మీది చక్రం

ఇంజిన్ ముందువైపు, క్రాంక్‌షాఫ్ట్ చివర, అంటే దాని ముక్కు మీద, బిగించి ఉండే బరువైన చక్రాన్ని హార్మోనిక్ బ్యాలెన్సర్ అంటారు. పేరులో బ్యాలెన్స్ ఉందిగానీ చాలా ఇంజిన్లలో అది దేన్నీ బ్యాలెన్స్ చేయదు. క్రాంక్‌షాఫ్ట్‌లో పుట్టే ఒక రకం కంపనాన్ని మింగి, వేడిగా మార్చి గాలికి వదిలేయడమే దాని పని. ఇంజనీర్లు వాడే డ్యాంపర్ అన్న మాటే దానికి సరిపోతుంది. మెకానిక్ షెడ్లలో మాత్రం దాన్ని క్రాంకు పుల్లీ అనేస్తారు. ఆల్టర్నేటరు, ఏసీ, వాటర్ పంపు తిప్పే బెల్టు దాని అంచు మీది గాళ్ళలోనే నడుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బెల్టు పని అది పక్కన చేసిపెట్టే పని మాత్రమే. దాన్ని వట్టి పుల్లీ అనుకున్నందువల్లే పవర్ పెంచిన కార్లలో ఇంజిన్లు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

కంపెనీ నుంచి వచ్చే మామూలు డ్యాంపర్‌లో మూడే భాగాలుంటాయి. మధ్యలో హబ్, అంచున బరువైన ఇనుప వలయం, రెంటి మధ్య సన్నటి రబ్బరు పట్టీ. హబ్ క్రాంకుతో కలిసి గట్టిగా తిరుగుతుంది. బయటి వలయాన్ని హబ్‌తో కలిపి ఉంచేది ఆ రబ్బరు ఒక్కటే. కొన్ని కిలోల ఇనుము, నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతూ, వేలెడు మందం కూడా లేని రబ్బరు మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఇంత అమరిక ఎందుకంటే, క్రాంక్‌షాఫ్ట్ చూడ్డానికి మొండి ఉక్కులా ఉన్నా మెలికపడుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1997లో షెవర్లే కార్వెట్ ఐదో తరం కారుతో తెచ్చిన ఎల్ఎస్1 ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 5.7 లీటర్లు. ఒక్కో పిస్టన్ వ్యాసం 99 మి.మీ., అంటే పైభాగం వైశాల్యం దాదాపు 77 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు మండినప్పుడు సిలిండర్‌లో 70 బార్ల ఒత్తిడి వచ్చిందనుకుంటే, ఆ క్షణంలో పిస్టన్ మీద పడేది సుమారు ఐదున్నర టన్నుల బరువు. అది కనెక్టింగ్ రాడ్ గుండా క్రాంకు మీద ఒక్క దెబ్బలా దిగుతుంది. దెబ్బ తిన్నచోట క్రాంకు కాస్త ముందుకు మెలిపడుతుంది, దెబ్బ తగ్గగానే వెనక్కి విప్పుకుంటుంది. మెలిక డిగ్రీలో కొంత భాగమే. తడి బట్టను పిండినట్టు ఉక్కును మెలితిప్పి వదిలిపెట్టడం ఇంజిన్ తిరిగినంతసేపూ సాగుతూనే ఉంటుంది.

అయితే ఒంటి దెబ్బతో క్రాంకు విరగదు. ప్రమాదం లయలో ఉంది. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు నాలుగు దెబ్బలు. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకు 100 చుట్లు, 400 దెబ్బలు. ప్రతి క్రాంకుకూ తనదైన సహజ పౌనఃపున్యం ఒకటుంటుంది. ఒకసారి మెలితిప్పి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందన్నదే ఆ అంకె. అదీ 400 దగ్గరే ఉందనుకుంటే, 6000 ఆర్‌పీఎం వద్ద ప్రతి కొత్త దెబ్బా పాత ఊపుకి సరిగ్గా కలుస్తుంది. ఊపు మీద ఊపు పేరుకుంటుంది. దెబ్బ ఆకారం నున్నటి అల కాదు కాబట్టి అందులో రెట్టింపు లయలూ దాగి ఉంటాయి. అందుకే 3000 దగ్గర కూడా చిన్న అనునాదం తగులుతుంది. హార్మోనిక్ అన్న మాట వచ్చింది ఈ రెట్టింపు లయల నుంచే.

నీళ్ళు నిండిన బిందె మోసినవాళ్ళకు ఈ సంగతి ఒంటికి తెలుసు. నడక లయ బిందెలోని నీటి ఊగిసలాటతో కలిసిందంటే నాలుగడుగుల్లో భుజం తడిసిపోతుంది. అందుకే పల్లెల్లో నీళ్ళ మీద నాలుగు వేపరెమ్మలు వేసుకుని నడిచేవారు. రెమ్మలు నీటి బరువునూ మార్చవు, నడకనూ మార్చవు. నీరు ఊగినప్పుడల్లా వాటి ఆకుల మధ్య రాపిడి పడి ఊపు చచ్చిపోతుంది. డ్యాంపర్ క్రాంకుకు చేసేది ఇదే. క్రాంకు ముక్కు చటుక్కున మెలిపడినప్పుడు హబ్ దానితో కదులుతుంది. బయటి వలయం మాత్రం జడత్వం వల్ల తన వేగంతోనే తిరుగుతూ ఉంటుంది. రెంటి మధ్య రబ్బరు సాగి, నలిగి, ఆ శక్తిని వేడి చేసుకుంటుంది. బాగా తోలిన ఇంజిన్ మీద డ్యాంపర్ చెయ్యి పెట్టలేనంత కాలేది అందుకే.

ఈ జబ్బు కార్లంత పాతదే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో బ్రిటన్‌లో ఆరు సిలిండర్ల కార్లు వచ్చినప్పుడు పొడవైన, సన్నటి క్రాంకులు కొన్ని వేగాల వద్ద భయంకరంగా కంపించి విరిగిపోయేవి. రోల్స్ రాయిస్ తొలి ఆరు సిలిండర్ల కారు కూడా ఈ బాధ పడింది. హెన్రీ రాయిస్ క్రాంకును లావు చేశాడు; ముందు చివర రాపిడితో జారే చిన్న ఫ్లైవీలు పెట్టే పద్ధతి కూడా ఆ కంపెనీలో వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు నూనెలో జారే పలకలతో ఒక డ్యాంపర్ రూపొందించి పేటెంట్ తీసుకున్నాడు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో లాంచెస్టర్ డ్యాంపర్ అనే పేరు ఉంది. ఆ తర్వాత 1928లో ఆర్మండ్రాయిడ్, డెన్ హార్టాగ్ రాసిన పత్రం ఈ వస్తువుకు గణితాన్ని ఇచ్చింది. ఎంత బరువు వలయానికి ఎంత మెత్తటి స్ప్రింగు, ఎంత రాపిడి ఉంటే కంపనం కనిష్ఠానికి తగ్గుతుందో అందులో లెక్క కట్టారు. రాపిడి తక్కువైతే ఊపు ఆగదు. మరీ ఎక్కువైతే వలయం హబ్‌కి అతుక్కుపోయి వట్టి బరువవుతుంది. రెంటికీ నడుమ ఒక్క సరైన చోటుంది, అదీ ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోచోట. డ్యాంపర్‌ను మార్చేటప్పుడు అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది ఈ ఒక్క మాటే.

సాధారణ ఇంజిన్‌లో ఆ చోటును తయారీదారు వెతికిపెడతాడు. ఇంజిన్‌లో మార్పు చేసిన మరుక్షణం ఆ చోటు పక్కకు జరుగుతుంది. ఇందాకటి ఎల్ఎస్1 ఇంజిన్‌లో పిస్టన్ కదిలే దూరాన్ని, అంటే స్ట్రోకును, 92 మి.మీ. నుంచి 101.6 మి.మీ.కి పెంచే క్రాంకు వేస్తే దాని గట్టిదనం మారుతుంది. తేలికైన పిస్టన్లు, రాడ్లు వేస్తే సహజ పౌనఃపున్యం పైకి జరుగుతుంది. కామ్ మార్చి, వాల్వు స్ప్రింగులు మార్చి, రెడ్‌లైన్‌ను 6000 నుంచి 7000కి తీసుకెళితే అంతవరకు ఇంజిన్ ఎన్నడూ చేరని లయలు రోజువారీ పరిధిలోకి వస్తాయి. సూపర్‌చార్జరు బిగిస్తే ప్రతి దెబ్బ బరువూ పెరుగుతుంది. పైగా ఆ సూపర్‌చార్జరును తిప్పే బెల్టు కూడా ఈ చక్రం మీదనుంచే లాగుతుంది. మార్పుల్లో ఏ ఒక్కటీ డ్యాంపర్‌ను తాకినట్టు కనబడదు. అన్నిటి భారమూ చివరికి పడేది దాని మీదే.

ఈ అనునాదం ఎంత నష్టం చేయగలదో చెప్పే పెద్ద ఉదాహరణ ఆకాశంలో జరిగింది. 1929 మే నెలలో గ్రాఫ్ జెప్పెలిన్ అనే జర్మన్ ఎయిర్‌షిప్ అమెరికా ప్రయాణం మొదలుపెట్టి, దారిలోనే ఐదు ఇంజిన్లలో నాలుగు పోగొట్టుకుని ఫ్రాన్స్‌లో దిగవలసి వచ్చింది. కారణం క్రాంక్‌షాఫ్టుల మెలిక కంపనమని తేలింది.

డ్యాంపర్‌ను తీసేసి తేలికపాటి అల్యూమినియం పుల్లీ వేసుకునే అలవాటు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. తిరిగే బరువు తగ్గితే ఇంజిన్ చురుగ్గా ఎగబడుతుంది. అమ్మేవాళ్ళు చూపించేది అదే. పొట్టి క్రాంకున్న కొన్ని చిన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు కంపెనీయే రబ్బరు లేని పుల్లీ ఇస్తుంది, అక్కడ పోయేదేమీ లేదు. వరస ఆరు సిలిండర్లు, వి-8ల సంగతి వేరు. కంపనం వెంటనే క్రాంకును విరవాలని లేదు. ముందు దాని ముక్కుతో నడిచే భాగాలు దెబ్బతింటాయి. నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజిన్‌లో ఆయిల్ పంపు లోపలి గేరు పగలడం, పవర్ పెంచి అధిక వేగాల్లో తోలినవాళ్ళందరికీ తెలిసిన కథ. ఎల్ఎస్‌లో కూడా ఆయిల్ పంపు క్రాంకు ముక్కు మీదే ఉంటుంది. పంపు గేరు పగిలితే నూనె ఒత్తిడి పోతుంది, ఆ తర్వాత బేరింగులకు మిగిలేది సెకన్లే. అయిదు హార్స్‌పవర్ల కోసం ఇంత బేరం లాభసాటి కాదు.

పాత డ్యాంపర్ చెడిపోతోందని చెప్పే గుర్తులు బయటికే కనబడతాయి. ఇంజిన్ ఆన్ చేసి ముందునుంచి చూస్తే అంచు సైకిలు రిమ్ముకు సొట్ట పడ్డట్టు అటూ ఇటూ ఊగుతుంది. బెల్టు కీచుమంటుంది, లేదా దాని అంచున పీచులు లేస్తాయి. రబ్బరు వలయం అంచుల నుంచి పిండినట్టు బయటికి ఉబుకుతుంది. అయిదో తరం కార్వెట్‌లో ఈ ఊగుడు పేరుమోసిన జబ్బు. వేడికీ నూనె చుక్కలకీ నానిన రబ్బరు హబ్‌ను వదిలేస్తే బయటి వలయం మెల్లగా వెనక్కి జరిగి టైమింగ్ కవరు దగ్గరికి చేరుతుంది. వలయం హబ్ మీద జారిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. హబ్ మీది నుంచి వలయం మీదికి తెల్ల పెయింటుతో ఒకే గీత గీసి, నాలుగు రోజులు తోలి మళ్ళీ చూస్తే చాలు. గీత రెండు ముక్కలై ఎడంగా కనబడితే రబ్బరు పని అయిపోయినట్టే. టైమింగు గుర్తు డ్యాంపర్ అంచు మీదే ఉండే పాత ఇంజిన్లలో ఇది ఇంకా ముఖ్యం. వలయం జారితే గుర్తు కూడా జారి, టైమింగు లైటు పెట్టి చూసేవాడికి అబద్ధం చెబుతుంది.

కొత్తదాన్ని ఎంచుకోవడంలో మూడు దారులున్నాయి. మొదటిది పాత పద్ధతిలోనే మెరుగైన రబ్బరు. ఏటీఐ కంపెనీ డ్యాంపర్లలో అతికించిన పట్టీకి బదులు ఓ-రింగులు ఉంటాయి. విప్పి వాటిని మార్చుకోవచ్చు, ఇంజిన్‌కు తగిన గట్టిదనాన్ని ఎంచుకోవచ్చు. రెండోది ఫ్లూయిడ్యాంపర్ లాంటి ద్రవపు రకం. మూసేసిన డబ్బాలో ఒక బరువైన వలయం ఎక్కడా అతుక్కోకుండా ఉంటుంది, చుట్టూ సన్నటి సందులో తేనె కంటే ఎన్నో రెట్లు చిక్కటి సిలికాన్ ద్రవం. దీని పని తీరు వంటింట్లో చూడవచ్చు. ఉడికిన గుడ్డును బల్ల మీద గిర్రున తిప్పితే చాలాసేపు తిరుగుతుంది. పచ్చిగుడ్డు లోపలి సొన పెంకుతో కలిసి రాదు, రాపిడిలోనే ఊపు పోయి తొందరగా ఆగిపోతుంది. రబ్బరు రకం ఒకానొక పౌనఃపున్యం దగ్గర బాగా పనిచేసేలా సరిచేసి ఉంటుంది. ద్రవపు రకానికి అలాంటి ఒక్క చోటు లేదు, విశాలమైన పరిధిలో పనిచేస్తుంది. రకరకాల మార్పులు చేసిన, రోడ్డు మీద కూడా తోలే కారుకు ఇది హాయి. దాని బయటి డబ్బాకు సొట్ట పడితే మాత్రం సందు మూసుకుపోయి లోపలి వలయం ఇరుక్కుంటుంది. అలాంటిది పైకి కొత్తగా మెరుస్తున్నా లోపల చచ్చినదే. వాడేసిన ద్రవపు డ్యాంపర్‌ను కొనకపోవడమే మంచిది. మూడోది క్లచ్ పలకల్లా రాపిడితో జారే రకం, ఎక్కువగా పందేల్లో వాడతారు.

పందేల సంగతి వచ్చింది కాబట్టి, అమెరికా డ్రాగ్ రేసుల్లో క్వార్టర్ మైలును 10.99 సెకన్లు, అంతకంటే తక్కువలో దాటే కార్లకు ఎస్ఎఫ్ఐ 18.1 ప్రమాణం ముద్ర ఉన్న డ్యాంపర్ తప్పనిసరి చేశారు. వలయం ఊడి ఎగిరితే అది రంపపు చక్రమే. బానెట్టు దాన్ని ఆపలేదు.

ఎంపికలో ఇంకో మెలిక తూకానిది. ఎల్ఎస్ ఇంజిన్ల క్రాంకు తనంతట తానే తూగి ఉంటుంది, డ్యాంపర్‌లో అదనపు బరువు ఉండదు. ఫోర్డ్ 302 లాంటి పాత వి-8ల్లో క్రాంకు తూకంలో కొంత భాగాన్ని డ్యాంపర్‌కీ ఫ్లైవీలుకీ పంచారు. ఆ ఇంజిన్‌కే 1980ల మొదట్లో ఆ బరువు 28 ఔన్సు-అంగుళాల నుంచి 50కి మారింది. ఒకదానిది మరొకదానికి బిగిస్తే సరిగ్గానే కూర్చుంటుంది, బోల్టు రంధ్రం కుదురుతుంది, స్టార్టు చేశాక ఇంజిన్ మొత్తం వణుకుతుంది. ఇక్కడ మాత్రం బ్యాలెన్సర్ అన్న పేరు నిజమే.

విప్పడం ఓపికతో కూడిన పని. కార్వెట్‌లో స్టీరింగ్ ర్యాకు సరిగ్గా డ్యాంపర్ ముందు అడ్డంగా ఉంటుంది. దాన్ని విప్పి పక్కకు జరిపితే తప్ప పుల్లర్‌కు చోటు రాదు. బ్యాటరీ తీగ తీసి, బెల్టులు విప్పాక మొదటి అవరోధం బోల్టే. దాన్ని తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది. గేరులో వేసి బ్రేకు తొక్కి పట్టుకోవడం విప్పడానికి సరిపోతుందేమోగానీ తిరిగి బిగించడానికి చాలదు. స్టార్టర్ మోటారు తీసి, ఆ సందులోంచి ఫ్లైవీలు పళ్ళకు తాళం బిగించే పనిముట్టు వాడడమే పద్ధతి. బోల్టు ఊడాక పుల్లర్. ఎల్ఎస్ డ్యాంపర్‌కు పుల్లర్ మరలు ఎక్కించుకునే రంధ్రాలుండవు, మూడు కొక్కేల పుల్లర్‌ను హబ్ పుల్లల వెనక తగిలించాలి. బయటి వలయానికి తగిలిస్తే హబ్ కదలకముందే రబ్బరు చిరుగుతుంది. పారేయబోయే పాతదే కదా అనుకోవచ్చు. చిరిగాక మిగిలిన హబ్‌ను పట్టుకోవడానికి ఏమీ దొరకదు, అప్పుడు తెలుస్తుంది. పుల్లర్ మధ్య మర నేరుగా క్రాంకు రంధ్రపు మరలను నొక్కకుండా లోపల ఒక ఉక్కు కడ్డీ పెట్టాలి. ఆ మరలు చెడితే చెడింది క్రాంకే.

హబ్ బయటికొచ్చాక దాని మెడను వెలుతురులో చూడాలి. ముందు ఆయిల్ సీలు పెదవి తిరిగేది ఆ మెడ మీదే. ఏళ్ళ తరబడి రాసుకున్నచోట గోటికి తగిలే గాడి ఏర్పడి ఉంటుంది. కొత్త డ్యాంపర్‌తో మెడ ఎలాగూ కొత్తదవుతుంది, సీలునూ అప్పుడే మార్చేయాలి. దాని ఖరీదు చిన్నది, మళ్ళీ ర్యాకు దాకా విప్పే కూలి పెద్దది. సీలు పెదవికి నూనె రాయాలా, పొడిగా వేయాలా అన్నది సీలు పదార్థాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ సర్వీసు పుస్తకం మాటే వినాలి.

అసలు విద్య బిగువులో ఉంది. ఎల్ఎస్ క్రాంకు ముక్కు మీద డ్యాంపర్‌కు తాళపు కీ లేదు. హబ్ రంధ్రం ముక్కు కంటే కొంచెం చిన్నది. ఆ బిగువూ బోల్టు నొక్కుడూ కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. పేరున్న తయారీదారులు కోరే తేడా సాధారణంగా 0.02 నుంచి 0.03 మి.మీ. వెంట్రుక మందంలో సగం కూడా కాదు. అందుకే పెట్టె తెరవగానే బిగించేయకుండా ముక్కును మైక్రోమీటరుతో, రంధ్రాన్ని బోర్ గేజీతో కొలవాలి. వదులుంటే హబ్ జారుతుంది. మరీ బిగువైతే దారిలో ఇరుక్కుంటుంది, లేదా హబ్ పగులుతుంది. తేడా ఎక్కువుంటే హబ్ రంధ్రాన్ని మెషిన్ షాపులో హోనింగ్ చేయించాలేగానీ క్రాంకు ముక్కుకు గరుకు కాగితం పట్టించకూడదు.

ఆ తేడాను దాటించడానికి వేడి సాయం చేస్తుంది. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో 12 వంతులు వ్యాకోచిస్తుంది. ముక్కు వ్యాసం 38 మి.మీ. దగ్గర. హబ్‌ను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేస్తే రంధ్రం దాదాపు 0.03 మి.మీ. పెరుగుతుంది. బిగువు మొత్తం కాసేపు మాయమైపోయినట్టే. హబ్ విడిగా వచ్చే ఏటీఐ లాంటి రకాల్లో హబ్ ఒక్కదాన్నే మరిగే నీళ్ళలో ముంచి తీయవచ్చు. రబ్బరు అతికి ఉన్న డ్యాంపర్‌కు గ్యాసు మంట చూపిస్తే మాత్రం కొత్తది కొత్తగానే పాడైపోతుంది.

చల్లగానే ఎక్కించాల్సి వస్తే దానికి పనిముట్టుంది. క్రాంకు మరలో లోతుగా దిగే పొడవాటి మర కడ్డీ, దాని మీద బేరింగు, నట్టు. కడ్డీ కదలకుండా పట్టుకుని నట్టు తిప్పుతుంటే హబ్ మెల్లగా, నిటారుగా లోపలికి జరుగుతుంది. చేతికి ఆ బరువు తెలుస్తూనే ఉంటుంది. సాఫీగా పెరిగే బరువు మంచిది. ఒక్కసారిగా గట్టిపడితే ఆపి చూడాలి. సుత్తితో కొట్టి దించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, ప్రతి దెబ్బా క్రాంకు థ్రస్టు బేరింగు మీద పడుతుంది. కంపెనీ బోల్టుతోనే లాగి ఎక్కించాలనుకోవడం దాని తర్వాతిది. మొదట్లో ఆ బోల్టు రెండు మూడు మరలే పట్టుకుంటుంది, టన్నుల లాగుడుకు ఆ మరలు ఊడివస్తాయి.

హబ్ చివరి దాకా దిగిందో లేదో చూపుకు తెలియదు. ఎల్ఎస్ ఇంజిన్లకు జనరల్ మోటార్స్ చెప్పే పద్ధతి ముందు పాత బోల్టునే వేసి 330 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగించి హబ్‌ను కూర్చోబెట్టడం. తర్వాత బోల్టు తీసి, హబ్ ముఖం నుంచి క్రాంకు ముక్కు ఎంత లోపలికి ఉందో కొలవాలి. అది 2.4 నుంచి 4.48 మి.మీ. మధ్య ఉండాలి. సరిపోతే పాత బోల్టు చెత్తబుట్టలోకి, కొత్త బోల్టు 50 న్యూటన్-మీటర్లకు, ఆపైన 140 డిగ్రీలు. ఆ చివరి కోణానికి కారణముంది. టార్క్ రెంచి చూపించే బలంలో తొంభై శాతం దాకా బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. మరల మీద నూనె చుక్క ఎక్కువైనా తక్కువైనా మిగిలిన పది శాతం తలకిందులవుతుంది. కోణానికి ఈ బెడద లేదు. ఈ బోల్టు మర మెట్టు 2 మి.మీ. కాబట్టి 140 డిగ్రీలు తిప్పితే అది ముప్పావు మిల్లీమీటరుకు పైగా లోపలికి జరగాలి. బోల్టు సాగడం, హబ్ నలగడం కలిసి ఆ దూరాన్ని పంచుకుంటాయి. బోల్టు తన స్థితిస్థాపక హద్దు దాటేదాకా సాగి గట్టి స్ప్రింగులా పట్టుకుంటుంది. ఒకసారి అలా సాగినదాన్ని మళ్ళీ వాడకూడదు. పందేల వాళ్ళు మళ్ళీ మళ్ళీ వాడుకోగల గట్టి బోల్టులు వేస్తారు. వాటికి తయారీదారు వేరే టార్కు, వేరే గ్రీజు చెబుతాడు. కంపెనీ అంకెలు వాటికి పనికిరావు.

సూపర్‌చార్జరున్న కారులో ఇది కూడా చాలకపోవచ్చు. 6000 ఆర్‌పీఎం వద్ద సూపర్‌చార్జరు 75 హార్స్‌పవర్లు తింటోందనుకుంటే, బెల్టు హబ్ మీద వేసే తిప్పుడు బలం దాదాపు 89 న్యూటన్-మీటర్లు. మీటరు కర్ర చివర తొమ్మిది కిలోలు వేలాడదీసినంత. వింటే కొంచెమే అనిపిస్తుంది. దానికి కంపనపు తోపులాట తోడవుతుంది, గేరు మార్చినప్పుడల్లా ఇంజిన్ వేగం జారే దెబ్బ తోడవుతుంది. పైగా దిక్కు కూడా ప్రతికూలం. ముందునుంచి చూస్తే క్రాంకు గడియారపు ముల్లులా తిరుగుతుంది, బెల్టు హబ్‌ను వెనక్కి లాగుతుంది, ఆ వెనక్కి అన్నది సరిగ్గా బోల్టు వదులయ్యే దిక్కు. హబ్ ఒకసారి జారిందంటే ముక్కు మీద లోహం చిరిగి గీతలు పడతాయి, బిగువు మళ్ళీ రాదు. అందుకే క్రాంకుకు పిన్నులు కొట్టే పద్ధతి వచ్చింది. బోల్టు తీసి, హబ్ ముఖానికి జిగ్ బిగించి, సగం రంధ్రం ముక్కులో సగం హబ్‌లో పడేలా నిలువునా తొలిచి, పావు అంగుళం ఉక్కు పిన్నులు దించుతారు. ఇక జారాలంటే పిన్నులు తెగాలి. పిన్నుల మీదికి బోల్టు తల వచ్చి మూసేస్తుంది కాబట్టి అవి బయటికి రాలేవు. తొలిచేటప్పుడు పుట్టే ఉక్కు రజను ఒక్క రవ్వ కూడా సీలు దగ్గర మిగలనివ్వకూడదు. కొన్ని ఇంజిన్లలో కంపెనీలే వేరే ఉపాయం వాడతాయి. వజ్రపు పొడి అద్దిన పల్చటి వాషరు రెండు లోహాల మధ్య పెడితే ఆ పలుకులు రెండు వైపులా కొరుక్కుని పట్టుకుంటాయి.

తిరిగి బిగించాక బెల్టు గాళ్ళు ఇతర పుల్లీలతో ఒకే వరసలో ఉన్నాయా అని నిటారు పట్టీ పెట్టి చూడాలి. ఒక గాడి పక్కకు పడ్డ బెల్టు మొదటి రోజే అంచు కోల్పోతుంది. కొత్త డ్యాంపర్ వ్యాసం పాతదానికంటే చిన్నదైతే ఆల్టర్నేటరు, వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతాయి. ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలిచిపోయే కారుకు అది మంచిది కాదు. డయల్ గేజీ పెట్టి ఇంజిన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పితే అంచు ఊగుడు ఎంతో తెలుస్తుంది. ముల్లు కదలిక తయారీదారు ఇచ్చిన హద్దులో ఉండాలి, లేకపోతే హబ్ వంకరగా కూర్చున్నట్టే.

ఎల్ఎస్‌లో క్రాంకు స్థానాన్ని చదివే పళ్ళచక్రం వెనకవైపు ఉండడం వల్ల డ్యాంపర్ మార్పుతో టైమింగు జరగదు. అయినా డ్యాంపర్ మార్చినప్పుడు కంప్యూటర్‌కు క్రాంకు కదలికను కొత్తగా నేర్పించమని జనరల్ మోటార్స్ చెబుతుంది. మిస్‌ఫైర్‌ను ఆ కంప్యూటర్ గుర్తుపట్టేది క్రాంకు వేగంలో వచ్చే అతి చిన్న తడబాట్లను బట్టే. డ్యాంపర్ మారితే ఆ తడబాట్ల తీరు మారుతుంది, నేర్పించకపోతే అది లేని మిస్‌ఫైర్‌ను చూస్తుంది, లేదా ఉన్నదాన్ని చూడదు. సెన్సరు పళ్ళు డ్యాంపర్ మీదే ఉన్న ఇంజిన్లలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. అక్కడ హబ్ జారిన ప్రతి డిగ్రీ నేరుగా జ్వలన సమయంలో తప్పుగా మారుతుంది.

చివరగా బోల్టు తల, హబ్, వలయం మూడింటి మీదుగా పోయేలా పెయింటుతో ఒక గీత గీస్తారు. మొదటి కొన్నిసార్లు ఇంజిన్ బాగా వేడెక్కి చల్లారాక, కారు కిందకు దూరి టార్చి వేసి ఆ గీత ఇంకా ఒకే గీతగా ఉందో లేదో చూస్తారు. ఓ-రింగుల రకమైతే తయారీదారు చెప్పిన గడువుకు విప్పి వాటిని మార్చుతారు. ద్రవపు రకానికి అలాంటి గడువు ఉండదు, డబ్బాకు సొట్టలు పడ్డాయా, ద్రవం కారుతోందా అని మాత్రం చూస్తారు.